నడుము దగ్గర ప్లగ్గు పీకినవాణ్ణి నేనే

సహోదరులారా, సహోదరీలారా, ఈ మైకు ముందు నిలబడే యోగ్యత నాకు లేదు, అయినా పాస్టరు గారు అడిగారు కాబట్టి, దేవుడు చేసిన మేలును మూట కట్టి దాచుకుంటే అది కూడా దొంగతనమే కాబట్టి నిలబడ్డాను. నా పేరు ఏసోబు. మీలో చాలామందికి నేను తెలుసు. కొందరికి టీవీలో బాక్సింగు ఆడినవాడిగా తెలుసు, ఇంకొందరికి నంద్యాల బస్టాండు ఎదురుగా మిట్టమధ్యాహ్నం మూసిన అంగడి మెట్ల మీద ఒళ్లు తెలియకుండా పడి ఉన్నవాడిగా తెలుసు. రెండూ నిజమే, నేను దేన్నీ కాదనను.

ఒక ఏడాదికి పైగా నేను పొద్దున పది గంటలకే తాగడం మొదలుపెట్టేవాణ్ణి. పన్నెండుకల్లా నాకు ఊరు పేరు గుర్తుండేది కాదు. నా భార్య సుజాత ఇక్కడే ముందు వరసలో కూర్చుంది, ఆమె ఎముకల ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా బస్టాండుకు వచ్చి నన్ను ఆటోలో వేసుకుని పోయిన రోజులు ఎన్నో! నేను ఎందుకు తాగుతున్నానో ఆమెకు తెలియదు. ఓడిపోతున్నాను కాబట్టి తాగుతున్నానని అందరూ అనుకున్నారు. అది కాదు. ఎందుకో నాకు ఒక్కడికే తెలుసు, దేవునికి తెలుసు. ఆ సంగతే ఈరోజు చెప్పడానికి వచ్చాను.

మా నాయన బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే కార్ఖానాలో పని చేశాడు. నేను పదహారో ఏట అదే కార్ఖానాలో చేరి లారీలకు బండలు ఎత్తేవాణ్ణి. ఆదివారం గుడి అయ్యాక నంద్యాల వచ్చి మైదానంలో బాక్సింగు నేర్చుకునేవాణ్ణి. కాళ్లలో బలం ఉంది, దెబ్బలో బరువు ఉంది, కానీ నా చేతులు చూడండి, పొట్టివి. బాక్సింగులో చేతులు పొట్టివైతే ఎదుటివాడి ముఖం దాకా పోవడానికే రెండు దెబ్బలు తినాలి. జిల్లా పోటీల్లో అయిదేళ్లు ఆడాను, అయిదేళ్లూ మొదటి రౌండు దాటలేదు. కార్ఖానాలో వాళ్లు నవ్వేవారు, నేనూ వాళ్లతో నవ్వి ఊరుకునేవాణ్ణి, కానీ లోపల బాధగా ఉండేది.

అప్పుడు బొమ్మల బాక్సింగు వచ్చింది. తెలియని పెద్దవాళ్ల కోసం చెప్తాను. రింగులో మనుషులు ఉండరు, మనిషి ఎత్తు రోబోలు రెండు ఉంటాయి, మన వైపు వాటిని బొమ్మలు అంటారు. ఆడేవాళ్లిద్దరూ రింగు బయట చెరో మూల చిన్న అరుగు మీద నిలబడతారు. కళ్లకు ఒక పెట్టె కట్టుకుంటాం, అందులో బొమ్మకు కనిపించేదే మనకు కనిపిస్తుంది. మనం చెయ్యి విసిరితే బొమ్మ చెయ్యి విసురుతుంది, మనం కాలు జరిపితే అది జరుపుతుంది. ఒంటికి ఒక మందపాటి కోటు వేసుకుంటాం. బొమ్మకు డొక్కలో దెబ్బ తగిలితే ఆ కోటు మన డొక్కలో గట్టిగా గుద్దుతుంది, నొప్పి పుడుతుంది, అది ఆటలో నియమం, నొప్పి తెలియకపోతే ఎవరైనా ఆడతారు కదా! ఇంకొకటి, చెవులకు కూడా మూతలు ఉంటాయి, గంట కొట్టినా వినపడదు. అందుకని ఆట ఆపమని చెప్పడానికి ఆ కోటే మన వీపు మీద మూడు సార్లు తడుతుంది. మూడు సార్లు తట్టిందంటే చేతులు దించెయ్యాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నంద్యాలలో విత్తనాల వ్యాపారం చేసే ఒక శెట్టిగారు తన పాత పత్తి గోదామును బాగు చేయించి రెండు బొమ్మలు తెప్పించాడు. ఊరికే చూద్దామని పోయాను. కోటు తొడిగి నిలబెట్టారు. సహోదరులారా, ఆ బొమ్మలు రెండూ ఒకే ఎత్తు, వాటి చేతులు రెండింటికీ ఒకే పొడవు! నా పొట్టి చేతుల సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. బండలు ఎత్తి ఎత్తి నా కాళ్లకు వచ్చిన నిలకడ మాత్రం ఆ బొమ్మకు వచ్చింది. మొదటి రోజే ముగ్గురిని పడగొట్టాను. శెట్టిగారు కుర్చీలోంచి లేచి వచ్చి, "యాడ నుంచి వచ్చినావప్పా నువ్వు? రేపట్నుంచి బండలు ఎత్తేది మానుకో, ఈడికి రా" అన్నాడు.

ఆరు నెలల్లో కర్నూలులో గెలిచాను, అనంతపురంలో గెలిచాను. ఏడాదికి హైదరాబాదులో గెలిచాను. "బండల ఏసోబు" అని పేరు పెట్టారు, నా ఫొటో ఆటోల వెనక అతికించారు. ఆ బొమ్మలను సరిచేసే మెకానిక్కు ఆళ్లగడ్డ మహబూబ్ బాషా అన్న. బోరు మోటార్లు, మందు కొట్టే డ్రోన్లు బాగు చేసే మనిషి, చేతిలో ఏ యంత్రం పెట్టినా దాని రోగం చెప్పేవాడు. ప్రతి ఆటకు ముందు ఇద్దరి కోట్లూ ఆయనే తడిమి చూసి, తీగలన్నీ బిగించి, సరే అని తల ఊపితేనే ఆట మొదలయ్యేది. నన్ను తమ్ముడిలా చూసుకున్నాడు. నేను గెలిస్తే నాకంటే ముందు ఆయన అరిచేవాడు.

ఇంత ఇచ్చిన దేవుణ్ణి నేను ఏం చేశాను? ఆదివారాలు ఆటలు ఉన్నాయని గుడి మానేశాను. సుజాత భోజనానికి ముందు ప్రార్థన చేస్తుంటే ఫోనులో నా ఆటలు చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. నా కాళ్ల బలం నాదే అనుకున్నాను, అక్కడ మొదలైంది నా పతనం.

ఒకసారి బెంగుళూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడితో ఆడాను. వాడు నా బొమ్మను ఒకే చోట, ఎడమ డొక్కలో, పదిహేను ఇరవై సార్లు కొట్టాడు. గెలిచింది నేనే, కానీ వారం రోజులు పక్క తిరిగి పడుకోలేకపోయాను. ఎముక విరగలేదు, ఏమీ కాలేదు, కానీ భయం పట్టుకుంది. తర్వాతి ఆటలో ఎదుటి బొమ్మ చెయ్యి లేస్తే చాలు నా ఒళ్లు ముడుచుకుపోయేది. నేను ముడుచుకుంటే బొమ్మ ముడుచుకుంటుంది. రెండు ఆటలు వరసగా ఓడిపోయాను. భయపడుతున్నానని ఎవరికైనా చెప్పి ఉంటే పోయేది, మహబూబ్ అన్నకు చెప్పి ఉన్నా ఆయన ఏదో దారి చూపించేవాడు. చెప్పలేదు. బండల ఏసోబు భయపడ్డాడంటే ఎంత సిగ్గు!

ఆ కోటుకు నడుము దగ్గర, లోపలి వైపు, బొటనవేలంత ప్లగ్గు ఉంటుంది. అది పీకితే కోటు చచ్చిపోతుంది, దెబ్బ తెలియదు. బొమ్మ మాత్రం ఆడుతూనే ఉంటుంది, ఎందుకంటే చేతుల తీగలు వేరు. మహబూబ్ అన్న కోటు చూసి తల ఊపి అటు తిరగగానే, నేను నిక్కరు సర్దుకుంటున్నట్టు చెయ్యి పెట్టి ఆ ప్లగ్గు పీకేశాను. ఆట అయ్యాక కోటు విప్పే ముందు మళ్లీ పెట్టేశాను. ఎవరికీ తెలియలేదు. ఆ రోజు నేను ఆడిన ఆట చూసి జనం పిచ్చెత్తిపోయారు, ఇంత ధైర్యంగా ఆడేవాణ్ణి మేము చూడలేదన్నారు! అట్లా ఏడు ఆటలు గెలిచాను, హైదరాబాదు కప్పు కూడా వాటిలోనే గెలిచాను. వీపు మీద మూడు సార్లు తట్టేది కూడా ఆ ప్లగ్గుతోనే పని చేస్తుందని నాకు తెలుసు. అయితే ఆట ఆగితే ఎదుటి బొమ్మ చేతులు దించుతుంది కదా, చూసి నేనూ దించితే సరిపోతుందని అనుకున్నాను. ఏడు సార్లూ సరిపోయింది.

ఎనిమిదో ఆట నంద్యాలలోనే, మన గోదాములోనే, ఒక శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు. రెండో రౌండులో నా దెబ్బకు ఎదుటి బొమ్మ పక్కకు ఒరిగి, దాని కాలు రింగు తాళ్లలో ఇరుక్కుంది. ఆట ఆపారు. నా వీపు మీద మూడు సార్లు తట్టారు. నాకేం తెలుస్తుంది? ఎదుటి బొమ్మ తాళ్ల మీద వాలి ఉంది కాబట్టి దాని చేతులు దిగాయో లేదో నాకు కనపడలేదు. ఇదే సమయం, పడగొట్టాలి అని ముందుకు ఉరికాను. ఆ కాలు విడిపించడానికి మహబూబ్ అన్న రింగులోకి వచ్చి వంగి ఉన్నాడు. కరెంటు ఆపే మీట నొక్కడానికి వాళ్లకు నాలుగైదు క్షణాలు పట్టింది. ఆ నాలుగైదు క్షణాల్లో నేను కొట్టిన రెండు దెబ్బలు ఆయన కుడి భుజానికి తగిలాయి. పెట్టెలో నాకు నీలం చొక్కా కనిపించింది. బొమ్మకు నీలం చొక్కా ఎక్కడిది అనుకుంటూ ఉండగానే అంతా చీకటైంది, కరెంటు ఆపేశారు.

కళ్లకు కట్టిన పెట్టె, చెవుల మూతలు తీసేటప్పటికి జనం రింగు మీద మూగి ఉన్నారు. ఆయన అరుపు వినపడుతోంది. సహోదరులారా, నేను ఆయన దగ్గరికి పరుగెత్తలేదు. నేను చేసిన మొదటి పని చెప్తాను, సిగ్గు విడిచి చెప్తాను. నడుము దగ్గర చెయ్యి పెట్టి ప్లగ్గు మళ్లీ పెట్టుకున్నాను.

భుజం ఎముక మూడు చోట్ల విరిగింది, లోపల నరం దెబ్బతింది. కర్నూలులో రెండు ఆపరేషన్లు చేశారు. చెయ్యి మోచేతి దాకా కదులుతుంది కానీ పైకి లేవదు, వేళ్లలో పట్టు లేదు. హైదరాబాదు నుంచి పోటీల కమిటీ వాళ్లు వచ్చి విచారించారు. నా కోటు చూశారు, ప్లగ్గు దాని చోట దానికి ఉంది. ఆపమన్న గుర్తు అందలేదని నేను చెప్పాను, అది అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ప్లగ్గు సరిగా బిగించలేదు, వదులై ఉంటుంది, అది మెకానిక్కు అజాగ్రత్త అని రాసుకుని పోయారు. దెబ్బ తిన్నది ఆయన, తప్పు కూడా ఆయనదే అయింది! శెట్టిగారు వేరే మెకానిక్కును పెట్టుకున్నాడు. చుట్టుపక్కల రైతులు కూడా మోటార్లు ఆయన దగ్గరికి తేవడం తగ్గించారు, ఏం బిగిస్తాడో ఏం వదిలేస్తాడో అని.

ఆ తర్వాత కోట్లకు సీలు వేయడం మొదలుపెట్టారు. నాకు నొప్పీ తెలిసింది, భయమూ తెలిసింది, వరసగా ఓడిపోయాను. ఓటమి నన్ను తాగించలేదు. కళ్లు మూస్తే నీలం చొక్కా కనిపించేది, అది కనిపించకుండా ఉండాలని తాగాను. ఆటల జట్టు నుంచి తీసేశారు. బస్టాండు మెట్ల సంగతి మొదట్లోనే చెప్పాను.

ఇప్పుడు దేవుడు ఏం చేశాడో వినండి. మహబూబ్ అన్న చేతికి వ్యాయామాలు చేయించుకోవడానికి కర్నూలు దూరమని నంద్యాలకు మార్చుకున్నాడు. వచ్చింది సుజాత పని చేసే ఆసుపత్రికే! ఆమె ఎవరో ఆయనకు తెలియదు, ఆయన ఎవరో పేరు చూసి ఈమె గుర్తుపట్టింది. ఒక రోజు డ్యూటీ నుంచి మధ్యాహ్నం వచ్చి అన్నం వడ్డించి నా ముందు కూర్చుంది. ఆ రోజు నేను ఇంకా తాగలేదు, బయలుదేరబోతున్నాను.

"యాడికి పోతాండావ్? కూర్చో, రెండు ముద్దలు తిని పో" అంది. కూర్చున్నాను.

"ఈ పొద్దు మహబూబ్ అన్నను చూసినా" అంది. "పాపం ఆయప్ప, చెయ్యి నొప్పి గురించి ఒక్క మాట అనల్యా. వాళ్లింటామెతో ఒకటే చెప్తాండాడు, 'నేను ఆ ప్లగ్గు బిగించినానా లేదా, బిగించినట్టే గుర్తుంది, మరి ఎట్లా వదులైంది' అని. అదే మాట మళ్లా మళ్లా. తన చెయ్యి పోయింది తన తప్పు వల్లేనని కుమిలిపోతాండాడు. నువ్వు గూడా ఆడ ఉన్నావు కదా, నీకేమన్నా తెలుసా?"

నేను పళ్లెం దగ్గరికి లాక్కున్నాను. ఆమె అన్నం ముందు ప్రార్థన చేస్తూ, ఆయన కోసం కూడా చేసింది. ఆ ప్రార్థన నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

"ప్రభువా, ఈ భోజనం కోసం నీకు స్తోత్రం తండ్రీ. ఆ మహబూబ్ అన్నను నీ చేతుల్లో పెడతాండా. ఆయన చెయ్యి బాగుచెయ్యి నాయనా. ఆయన తప్పు చేసినానని ఏడుస్తాండాడు, తెలీక చేసిన తప్పు, ఆయన్ను క్షమించు తండ్రీ, ఆయనకు నిద్ర ఇయ్యి. ఆమెన్."

ఆమె ఆమెన్ అని నా కోసం ఆగింది. మా ఇంట్లో ఒకరు ప్రార్థన చేస్తే ఇంకొకరు ఆమెన్ అనాలి. నాకు నోరు రాలేదు. ఎట్లా వస్తుంది? ఆయన్ను క్షమించు అని అడుగుతోంది నా భార్య, చెయ్యని తప్పుకు, నా తప్పుకు! అన్నంలో చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయాను. "ఏమైందప్పా?" అని ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. అంతే, బద్దలైపోయాను. "సుజాతా, ఆయన బిగించినాడు. నేనే పీకినా" అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది. అన్నం చల్లారిపోయింది. ఆమె లేచి వెళ్లిపోతుందనుకున్నాను, వెళ్లిపోయినా నేను ఏమీ అనగలిగేవాణ్ణి కాదు. ఆమె కళ్లు తుడుచుకుని, "నాకు చెప్పినావు సరే. చెప్పాల్సింది నాకా?" అంది. నేను నేల మీద మోకాళ్లూని, ఏళ్ల తర్వాత నా నోటితో నేను ప్రార్థన చేశాను. పెద్ద మాటలేమీ రాలేదు. "ప్రభువా, నాకు భయంగా ఉంది. ఆ రోజు గూడా భయంతోనే చేసినా. ఈ భయం తీసెయ్యి, నోరు తెరిచే బలం ఇయ్యి" అన్నాను. అంతే. ఆకాశం నుంచి వెలుగు రాలేదు, స్వరం వినపడలేదు. కానీ లేచినప్పుడు నా కాళ్లు బస్టాండు వైపు పోలేదు, పాస్టరు గారి ఇంటి వైపు పోయాయి. అది దేవుడు చేసిన కార్యం కాకపోతే మరేమిటి!

పాస్టరు గారు నన్ను వెంటబెట్టుకుని శెట్టిగారి దగ్గరికి వచ్చారు. శెట్టిగారు విని తలుపు వేసి వచ్చాడు. "నీకేమన్నా పిచ్చి పట్టినాదా ఏసోబూ? అయిపోయిందాన్ని ఎందుకు కెలుకుతాండావ్? ఎవరన్నా అడిగినారా నిన్ను?" అన్నాడు. ఎవరూ అడగలేదు శెట్టీ, అదే నన్ను చంపుతాంది అన్నాను. హైదరాబాదు పోయి కమిటీ ముందు చెప్పాను. గెలిచిన ఏడు ఆటలూ కొట్టేశారు, హైదరాబాదు కప్పు వెనక్కి తీసుకున్నారు, రెండేళ్లు ఆడకూడదన్నారు. నేను అడిగింది ఒక్కటే, మహబూబ్ బాషా తప్పు ఏమీ లేదని కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. ఇచ్చారు. పేపర్లలో నా సంగతి వచ్చింది, ఆటోల వెనక ఫొటోలు గీకేశారు. అది న్యాయమే.

ఆ కాగితం పట్టుకుని ఆళ్లగడ్డ పోయాను. మహబూబ్ అన్న ఇంటి ముందే రేకుల షెడ్డు. పేపర్లో వచ్చిన నా సంగతి వాళ్లకు నాకంటే ముందే చేరింది. ఆయన భార్య, నాకు వదిన వరస, గడపలోనే అడ్డం నిలబడి, "ఏం ముఖం పెట్టుకుని వచ్చినావ్? పో ఈడ నుంచి!" అంది. ఇంకా చాలా అంది, అన్నీ పడ్డాను. లోపల నుంచి ఆయన, "రానీ" అన్నాడు.

కాగితం ఇచ్చాను. ఎడమ చేత్తో పట్టుకుని రెండు సార్లు చదివాడు.

"నువ్వే పీకినావా?" అన్నాడు.

"నేనే పీకినా అన్నా."

"మళ్లా పెట్టింది గూడా నువ్వేనా?"

"నేనేనన్నా."

"అంటే నేను బిగించినా." ఆయన భార్య వైపు తిరిగాడు. "విన్నావా? నేను బాగానే బిగించినా!" అని ఆ పెద్ద మనిషి పసిబిడ్డలాగా ఏడ్చాడు. తన చెయ్యి విరగ్గొట్టినవాడు ఎదురుగా నిలబడి ఉంటే, ఆయన తన పని తప్పు కాలేదని సంతోషంతో ఏడుస్తున్నాడు. నేను ఆయన కాళ్ల మీద పడ్డాను. ఆయన లేపలేదు, తన్నలేదు. కాగితం పక్కన పెట్టి అన్నాడు: "క్షమించినానో లేదో నాకు తెలీదప్పా. అది తర్వాత మాట. నా కుడి చెయ్యి లేసేది లేదు, షెడ్డులో నాలుగు మోటార్లు పడుండాయి. రేపు పది గంటలకు రా. నేను చెప్తా, నువ్వు బిగించు."

మరుసటి రోజు పొద్దున నంద్యాలలో బస్సు ఎక్కి పది గంటలకు షెడ్డులో ఉన్నాను. ఆ రెండేళ్లూ రోజూ పోయాను, ఇప్పటికీ పోతున్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేవాణ్ణి. ఎడమకు తిప్పు, ఆపు, చెవి పెట్టి విను, ఏమంటాంది అని అడిగేవాడు. మొదటి నెలలంతా ఆ పని మాటలు తప్ప నాతో వేరే మాట లేదు. కాగితం నకలు తీసి షెడ్డు తలుపుకు అంటించాడు, చదివినవాళ్లు మళ్లీ మోటార్లు తేవడం మొదలుపెట్టారు.

తాగుడు ఒక్క రోజులో పోయిందని కొందరు సాక్ష్యం చెప్తారు, వాళ్లకు దేవుడు అట్లా చేశాడు, ఆయనకు స్తోత్రం. నాకు అట్లా కాలేదు. రెండు సార్లు పడిపోయాను. రెండోసారి ఆళ్లగడ్డ పోతూ దారిలో శిరివెళ్లలో బస్సు దిగి తాగి, తర్వాతి బస్సులో షెడ్డుకు చేరాను. వాసన వచ్చింది. మహబూబ్ అన్న నా చేతిలో స్పానరు తీసి పక్కన పెట్టాడు. "పది నుంచి అయిదు దాకా ఈ చేతులు నావి. నా చేతులకు మందు తాపద్దు" అన్నాడు. అంత మాట నన్ను ఎవరూ అనలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, మూడేళ్లు దాటింది, ప్రభువు కృప వల్ల ఒక్క చుక్క ముట్టలేదు. రోజూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటే ప్రార్థన చేసేవాణ్ణి: "తండ్రీ, ఈ పొద్దు ఒక్క రోజు. ఈ చేతులు నీవి, ఆయనవి. నావి కావు." పెద్ద ప్రార్థనలు రానివాళ్లు ఇట్లా చిన్నవి చేసుకోండి, దేవుడు వింటాడు!

ఎనిమిది నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం, నేను బయట అరుగు మీద నా టిఫిను డబ్బా విప్పుకుంటుంటే, వదిన లోపల నుంచి వచ్చి ఆ డబ్బా మూత పెట్టేసి, "లోపలికి రా, వేడి అన్నం ఉంది" అని చెప్పి వెళ్లిపోయింది. నాకు ప్లేటు పెట్టింది. మహబూబ్ అన్న పప్పు గిన్నె నా వైపు జరిపాడు. క్షమించాను అన్న మాట ఆయన ఆ రోజూ అనలేదు, ఇప్పటికీ అనలేదు. నేనూ అడగలేదు. పప్పు రెండోసారి కూడా వేసుకున్నాను.

నా రెండేళ్లు ముగిసిన వారం ఆయనే అన్నాడు, "పేరు రాయించుకో. ఆడు." "నాకు ఆశ లేదన్నా, ముప్పై నాలుగేళ్లు వచ్చినాయి" అన్నాను. "ఆశ నాకుంది. కోటు నేను చూస్తా" అన్నాడు. కర్నూలులో ఆటకు ముందు పోటీల ఇన్‌స్పెక్టరు నా పేరు చూసి, జనం అందరి ముందూ నన్ను చేతులు పైకెత్తి నిలబడమని, నా కోటు మూడు సార్లు తడిమి చూశాడు. జనంలో కొందరు ఈలలు వేశారు. నా ముఖం కాలిపోయింది. పక్కనే నిలబడిన మహబూబ్ అన్న, "చూసుకోప్పా, బాగా చూసుకో. బిగించింది నేను" అన్నాడు. ఆ మాటతో నా సిగ్గంతా దిగిపోయింది.

మొదటి దెబ్బ ఎడమ డొక్కలోనే తగిలింది. నొప్పి పుట్టింది, బాగా పుట్టింది. భయం కూడా వచ్చింది. దేవుడు భయం తీసేశాడని నేను అబద్ధం చెప్పను. భయం ఉండగానే ముందుకు అడుగు వేసే బలం ఇచ్చాడు. కర్నూలులో గెలిచాను. హైదరాబాదులో మూడు ఆటలు గెలిచి, నాలుగోదానిలో ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి చేతిలో ఓడిపోయాను, నాకంటే బాగా ఆడింది. మూడో స్థానం ఇచ్చారు, చిన్న షీల్డు. అంతకుముందు గెలిచిన కప్పులన్నీ కలిపినా ఆ షీల్డుకు సరిపోవు, ఎందుకంటే ప్రతి దెబ్బా నేను తిన్నది, ప్రతి పాయింటూ నేను సంపాదించింది. ఓడిన ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మహబూబ్ అన్న చెయ్యి ఇప్పుడు భుజం ఎత్తు దాకా లేస్తుంది. వేళ్లలో కొంచెం పట్టు వచ్చింది, చిన్న బోల్టులు ఆయనే తిప్పుతాడు, పెద్దవి నేను. ఆయన విశ్వాసం ఆయనది, నా విశ్వాసం నాది, ఒకరినొకరు గౌరవించుకుంటాం. పూర్తిగా లేవాలని ప్రార్థన చేయండి. ఆయన ఇప్పుడు గేటు బయట బండి మీద కూర్చుని ఉన్నాడు, ఇక్కడి నుంచి నేరుగా ఒక రైతు బోరు దగ్గరికి పోవాలి, తొందరగా ముగించమని చెప్పి పంపించాడు కాబట్టి ముగిస్తాను.

సహోదరీ సహోదరులారా, ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఒకరి దగ్గర దాచిన మాట ఒకటి ఉండవచ్చు. దాని మూలంగా ఇంకెవరో, చెయ్యని తప్పుకు, ఈ క్షణాన తమను తాము తిట్టుకుంటూ ఉండవచ్చు. వాళ్లను అట్లా వదిలెయ్యకండి. చెప్తే మీకు ఉన్నది పోతుంది, నాకూ పోయింది, నేను ఆశ చూపించి మోసం చెయ్యను. కానీ పోయినచోట దేవుడు నిలబడి ఉంటాడు, నేను చూశాను. ఆయన్ను నమ్మండి, నోరు తెరవండి. చెప్పడానికి ఎవరూ దొరక్కపోతే ఆళ్లగడ్డ రండి. పది నుంచి అయిదు దాకా షెడ్డులోనే ఉంటాను, పని చేసుకుంటూ వింటాను, వదిన టీ కూడా ఇస్తుంది. నన్ను లేపి నిలబెట్టిన యేసు ప్రభువుకు, ఆయనకు ఒక్కనికే, నా బ్రతుకంతా స్తోత్రం!